కంపెనీ షెడ్డు బావమరిదికి, ఇల్లు భార్యకు, ఆ తర్వాత దివాలా: ఆ ఆస్తులు వెనక్కి వచ్చే దారి ఏది?

రాణిగంజ్_హోల్‌సేల్
సభ్యులకు నమస్కారం. గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నా.

బాకీదారు ఒక్కడే, బాకీలు మాత్రం రెండు. మొదటిది జీడిమెట్లలో ఉన్న అతని ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ మీద, సరుకు తాలూకు 74 లక్షలు. ఆ కంపెనీ మీద వేరే సప్లయర్ 2023 నవంబర్ 6న దివాలా చట్టం (ఐబీసీ) సెక్షన్ 9 కింద కంపెనీల ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీలో పిటిషన్ వేస్తే 2025 ఫిబ్రవరి 20న అడ్మిట్ అయింది. ఈలోగా 600 గజాల స్థలంతో సహా షెడ్డు 2023 మార్చి 10న డైరెక్టర్ భార్య తమ్ముడి పేరున సేల్ డీడ్ అయిపోయింది. డీడ్‌లో 62 లక్షలు చూపించారు. అక్కడి రేటుకి 1.9 కోట్లకు తక్కువ పలకదు.

రెండోది అతని సొంత హార్డ్‌వేర్ షాపు మీద, ప్రోనోట్లతో 38 లక్షలు. ఉప్పల్ ఇల్లు భార్యకు గిఫ్ట్ డీడ్ రాసిచ్చి, 14 నెలల తర్వాత ఐపీ (దివాలా పిటిషన్) పెట్టాడు. ఈ రెండు ఆస్తులూ వెనక్కి వస్తాయా? ఒకే చోట కేసు వేయొచ్చా?

చిక్కడపల్లి_వకీలు
ఒకే చోట కుదరదు. కంపెనీ ఆస్తి సంగతి ఐబీసీ కింద నాగోల్ దగ్గర బండ్లగూడ కార్పొరేట్ భవన్‌లోని ఎన్‌సీఎల్‌టీ చూస్తుంది. సొంత షాపు బాకీకి ఐబీసీ ఇంకా రాలేదు. వ్యక్తుల దివాలాకు సంబంధించిన మూడో భాగాన్ని 2019 డిసెంబర్ 1 నుంచి కంపెనీ అప్పులకు వ్యక్తిగత గ్యారంటీ ఇచ్చినవాళ్ల వరకే అమల్లోకి తెచ్చారు. మామూలు వ్యాపారి ఐపీ పెడితే మన దగ్గర ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. అది సివిల్ కోర్టు పని.

సెక్షన్ నంబర్ల దగ్గర జాగ్రత్త. 1920 చట్టంలో బదిలీ రద్దు చేసేది సెక్షన్ 53. 1882 ఆస్తి బదిలీ చట్టంలో మోసపు బదిలీల గురించి చెప్పేదీ సెక్షన్ 53. ఐబీసీలో సెక్షన్ 53 అంటే లిక్విడేషన్‌లో (కంపెనీ ఆస్తులు అమ్మి మూసేటప్పుడు) డబ్బు ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అనే వరస. నోటీసులో చట్టం పేరు లేకుండా ‘సెక్షన్ 53’ అని వదిలేస్తే ఎదుటి పక్షానికి మొదటి అభ్యంతరం మీరే అందించినట్టు.

ఖాతా_తనిఖీ
కంపెనీ షెడ్డు విషయంలో ముందు తేదీలు వేసుకోండి, సగం జవాబు అక్కడే ఉంది.

ఐబీసీలో వెనక్కి చూసే గడువు పిటిషన్ వేసిన రోజు నుంచి కాదు, అడ్మిట్ అయిన రోజు నుంచి. రిలేటెడ్ పార్టీతో (కంపెనీకి దగ్గరి సంబంధం ఉన్నవాళ్లతో) లావాదేవీ అయితే 2 ఏళ్లు, బయటివాళ్లతో అయితే 1 ఏడాది. సెక్షన్ 43కీ (అప్పిచ్చిన ఒకరికి మిగతావాళ్ల కంటే మేలు చేయడం), సెక్షన్ 45కీ (తక్కువ ధరకు ఇచ్చేయడం) ఇదే లెక్క. మీ కేసులో 2 ఏళ్లంటే 2023 ఫిబ్రవరి 20 దాకా, 1 ఏడాదంటే 2024 ఫిబ్రవరి 20 దాకా. డీడ్ 2023 మార్చి 10ది. రిలేటెడ్ పార్టీ అయితే 18 రోజుల తేడాతో లోపల ఉంది, కాకపోతే ఏడాదికి దగ్గరగా బయట ఉంది.

పిటిషన్ వేశాక అడ్మిట్ కావడానికి 15 నెలలు పట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది. అదే దాఖలు తేదీ నుంచి లెక్క వేస్తే, 1 ఏడాది గడువులోనే డీడ్ పడేది. ఈ లెక్కను దాఖలు తేదీకి జరిపే ప్రతిపాదన 2025 ఆగస్టులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లులో ఉంది. కాబట్టి అప్లికేషన్‌లో తేదీలు వేసే ముందు ఆ రోజున అమల్లో ఉన్న పాఠం ఒకసారి చూసుకోండి.

డీడ్ మొదటి పేజీలో రాసిన తేదీ, రిజిస్టర్ అయిన తేదీ రెండూ నోట్ చేసుకోండి. రాసిన 4 నెలల్లోపు రిజిస్టర్ చేయించుకోవచ్చు. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 47 ప్రకారం పత్రం అమలు రాసిన తేదీ నుంచే. మార్చి 10 రిజిస్ట్రేషన్ తేదీ అయి, సంతకాలు ఫిబ్రవరి మొదటి వారంలో పడి ఉంటే ఆ 18 రోజులు కూడా పోయాయని ఎదుటి పక్షం వాదిస్తుంది.

రాణిగంజ్_హోల్‌సేల్
రాసిన తేదీ, రిజిస్టర్ అయిన తేదీ రెండూ మార్చి 10నే సార్. బావమరిదే కదా, రిలేటెడ్ పార్టీ కిందికి రాడా?

బండ్లగూడ_బెంచి
ఇక్కడే చాలా అప్లికేషన్లు కూలిపోతాయి. ఇంట్లో అతను దగ్గరి బంధువే, చట్టంలో అలా తేలిగ్గా తేలదు.

కంపెనీ విషయంలో రిలేటెడ్ పార్టీ ఎవరో చెప్పేది సెక్షన్ 5(24). అందులో ‘డైరెక్టర్ బంధువు’ ఉన్నాడు. కానీ ఆ క్లాజులో బంధువు ఎవరో రాయలేదు, అందుకని కంపెనీల చట్టం నిర్వచనానికి పోవాలి. ఆ జాబితాలో భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఉమ్మడి కుటుంబ సభ్యులు ఉన్నారు. భార్య తమ్ముడు లేడు. ఇంతకంటే పెద్ద జాబితా 5(24ఏ)లో ఉంది, అయితే అది వ్యక్తులకు సంబంధించిన క్లాజు. దాన్ని కంపెనీకి లాక్కురావాలంటే వాదించి గెలవాలి.

అందుకని ‘బావమరిది’ అన్న ఒక్క మాట మీద ఆధారపడకుండా 5(24)లోనే వేరే దారి వెతకండి. డైరెక్టర్ భార్య కూడా బోర్డులో ఉందా? ఉంటే ఆమెకు అతను తోడబుట్టినవాడు, డైరెక్టర్ బంధువు అయిపోతాడు. పని అక్కడితో అయిపోతుంది. లేకపోతే, కంపెనీలో అతనికి 20 శాతం పైన ఓటింగ్ ఉందా? విధాన నిర్ణయాల్లో పాల్గొన్నాడా? కొన్నది అతని సొంత పేరునా, అతని కంపెనీ పేరునా? కంపెనీ పేరునైతే, అందులో మన డైరెక్టర్ కూడా డైరెక్టరుగా ఉండి బంధువులతో కలిపి 2 శాతం పైన వాటా పెట్టుకున్నాడా? ఎంసీఏ (కంపెనీ వ్యవహారాల శాఖ) సైట్‌లో రెండు కంపెనీల వార్షిక రిటర్నులు, డైరెక్టర్ల జాబితా, ఏఓసీ-2 (రిలేటెడ్ పార్టీ లావాదేవీల ఫారం) తీసి పక్కపక్కన పెట్టుకుంటే తెలిసిపోతుంది.

ఏదీ దొరక్కపోతే మిగిలేది సెక్షన్ 49. అప్పులవాళ్లకు అందకుండా చేయాలని కావాలనే తక్కువ ధరకు ఇచ్చినట్టు రుజువైతే దానికి గడువు లేదు. 2019లో జరిగినదైనా లాగొచ్చు. అయితే తక్కువ ధర ఒక్కటే చాలదు, ఉద్దేశం కూడా రుజువు కావాలి.

అబిడ్స్_అకౌంట్స్
అయితే 43, 45, 49, 66 నాలుగూ కలిపి ఒకే అప్లికేషన్ వేసేస్తే? ఏదో ఒకటి నిలబడుతుంది కదా.

బండ్లగూడ_బెంచి
అలా వేయొద్దు. 2020 ఫిబ్రవరి 26న జేపీ ఇన్‌ఫ్రాటెక్ కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతినే తప్పుపట్టింది. హోల్డింగ్ కంపెనీ అప్పులకు జేపీ ఇన్‌ఫ్రాటెక్ తన భూములు తాకట్టు పెట్టిన వ్యవహారం అది. ఒక్కో సెక్షన్‌కి కావలసిన అంశాలు వేరు, విచారణ వేరు, కాబట్టి ఏ లావాదేవీ ఏ సెక్షన్ కింద ఎందుకు వస్తుందో విడివిడిగా వివరాలతో చెప్పాలంది.

రాసేటప్పుడు ఇలా విడదీయండి. 45కి: ఆస్తి కంపెనీదే, కంపెనీయే బదిలీ చేసింది, వచ్చిన ప్రతిఫలం ఆస్తి విలువ కంటే బాగా తక్కువ, ఇది మామూలు వ్యాపార క్రమంలో జరిగింది కాదు, గడువులో ఉంది. 49కి: పై తక్కువ ధరతో పాటు ఉద్దేశం, దానికి ఆధారాలు. 43 వేరే సంగతి. ఆ బావమరిది అంతకుముందు కంపెనీకి అప్పు ఇచ్చి, ఆ అప్పు కింద షెడ్డు చెల్లు వేసుంటేనే 43 పనికొస్తుంది. మామూలు వ్యాపార క్రమం అన్న మినహాయింపు కంపెనీ వైపు నుంచీ, తీసుకున్నవాడి వైపు నుంచీ రెండు వైపులా నిలవాలని కూడా జేపీ తీర్పే చెప్పింది. ‘నా వ్యాపారంలో ఇది మామూలే’ అని కొన్నవాడు ఒక్కడే చెప్పుకుంటే సరిపోదు.

66 కింద ఆస్తి వెనక్కి రాదు. మోసంతో వ్యాపారం నడిపినవాళ్లు సొంత జేబులోంచి కంపెనీకి డబ్బు కట్టాలని ఉత్తర్వు వస్తుంది. షెడ్డు కావాలంటే ప్రేయర్‌లో (ట్రిబ్యునల్‌ని కోరే భాగంలో) 48 ప్రకారం ఆస్తిని తిరిగి కంపెనీ పేర చేయమని అడగాలి.

ఖాతా_తనిఖీ
ఉద్దేశం రుజువయ్యేది బ్యాంకు స్టేట్‌మెంట్‌లో. ఒక నమూనా చూపిస్తాను.

డీడ్‌లో 62 లక్షల ప్రతిఫలాన్ని ‘చెక్కు ద్వారా 40 లక్షలు, గతంలో ముట్టిన నగదు 22 లక్షలు’ అని రాస్తారు. నగదు మాటను ముందు పక్కన పెట్టండి. స్థిరాస్తికి 20,000 లేదా ఆ పైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టమే నిషేధించింది, పైగా కంపెనీ క్యాష్ బుక్‌లో ఆ 22 లక్షలు కనిపించాలి. ఇక 40 లక్షలు మార్చి 10న కంపెనీ ఖాతాలో పడతాయి. 13న అందులో 38 లక్షలు ‘అడ్వాన్స్’ పేరుతో ఒక పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌కి పోతాయి. 17న ఆ ఫర్మ్ నుంచి కొన్నవాడి భార్య ఖాతాకు చేరతాయి. కంపెనీకి నిజంగా మిగిలింది 2 లక్షలు. ఈ మూడు ఎంట్రీలు మూడు ఖాతాల నుంచి తీసి ఒకే పేజీ మీద వరుసగా పెట్టండి. వంద పేజీల ఆడిట్ రిపోర్టు కంటే ఆ ఒక్క పేజీ బెంచి ముందు ఎక్కువ పని చేస్తుంది.

తర్వాత టీడీఎస్. 50 లక్షలు, ఆ పైన ఆస్తికి కొన్నవాడు 1 శాతం కోయాలి, అంటే ఇక్కడ 62,000. 26క్యూబీ చలాన్ ఉందా, ఎంత మొత్తం మీద కట్టాడు, ఎప్పుడు కట్టాడు? డీడ్ అయిన రెండేళ్లకి, ఆర్పీ (అడ్మిట్ అయ్యాక కంపెనీ దివాలా ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్) నోటీసు వచ్చాక కట్టుంటే అదీ ఒక ఆధారమే.

టాలీ డేటా అడిగేటప్పుడు ప్రింట్లు కాదు, బ్యాకప్ అడగండి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ తప్పనిసరి. మార్చిలో జరిగిన అమ్మకాన్ని ఆ తర్వాత ఎప్పుడైనా వోచర్ మార్చి ‘పాత అప్పు చెల్లు’ అని చూపిస్తే ఆ మార్పు తేదీతో సహా దొరుకుతుంది.

కోఠి_దస్తావేజులు
విలువ గురించి రెండు మాటలు. 62 లక్షలు రిజిస్ట్రార్ ఆఫీసు మార్కెట్ వాల్యూ కంటే ఎక్కువే అనే జవాబు తప్పకుండా వస్తుంది. ఆ విలువ స్టాంపు డ్యూటీ కోసం ప్రభుత్వం కట్టిన రేటు. హైదరాబాద్ చుట్టుపక్కల అసలు ధరకూ దానికీ పొంతన ఉండదని అందరికీ తెలుసు, కానీ ‘అందరికీ తెలుసు’ అన్నది రుజువు కాదు. రిజిస్టర్డ్ వాల్యూయర్ చేత 2023 మార్చి నాటి విలువ కట్టించండి, ఈ రోజుది కాదు. ఈ రోజు రేటు పెట్టి తెచ్చిన రిపోర్టు పక్కకు పోతుంది. అదే సర్వే నంబరులో, లేదా ఆ రోడ్డులోనే, 6 నెలలు అటూఇటూ జరిగిన అమ్మకాల సీసీలు (సర్టిఫైడ్ కాపీలు) 4, 5 తీసి రిపోర్టుకి జతచేయండి. బ్యాంకు ఆ షెడ్డు మీద గతంలో లోన్ ఇచ్చి ఉంటే ఆ ఫైల్‌లో వాల్యుయేషన్ ఉంటుంది. కంపెనీయే లోన్ కోసం ఒప్పుకున్న విలువ అది, కాబట్టి దాన్ని కాదనడం కష్టం.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల జాబితా) సర్వే నంబరు మీదా, ఇంటి నంబరు మీదా విడిగా తీయాలి. ఒకదాంట్లో కనిపించనిది ఇంకోదాంట్లో ఉంటుంది. శివారుల్లో వ్యవసాయ భూమి కూడా బదిలీ అయివుంటే అది రిజిస్ట్రార్ ఈసీలో దొరకదు, భూభారతిలో చూడాలి. 2020 అక్టోబర్ తర్వాత వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు దగ్గరే.

షెడ్డు అమ్మాక కూడా కరెంటు మీటరు, ఆస్తి పన్ను కంపెనీ పేరునే ఉన్నాయా? కంపెనీ అక్కడే ఉత్పత్తి చేస్తూ అద్దె కట్టడం లేదా? ఉద్దేశం చెప్పడానికి ఇవి ముఖ్యం.

రాణిగంజ్_హోల్‌సేల్
ఇవన్నీ నేను వేయాలా, ఆర్పీ వేస్తాడా?

బండ్లగూడ_బెంచి
ఆర్పీ బాధ్యత, ఐబీసీ సెక్షన్ 25(2)(జె). రెగ్యులేషన్ 35ఏ ప్రకారం అడ్మిషన్ నుంచి 75వ రోజుకి అభిప్రాయం, 115వ రోజుకి నిర్ధారణ, 130వ రోజుకి అప్లికేషన్. మీ కేసులో 2025 మే 6, జూన్ 15, జూన్ 30. ఈ రోజులు దాటినంత మాత్రాన అప్లికేషన్ చెల్లకుండా పోదు. అవి మార్గదర్శకాలే, కట్టడి కాదని ఎన్‌సీఎల్‌ఏటీ (అప్పీలు ట్రిబ్యునల్) చెప్పింది.

మీరు చేయవలసింది: క్లెయిమ్ ఫారంతో ఆగకుండా పై కాగితాలన్నీ కవరింగ్ లెటర్‌తో ఆర్పీకి మెయిల్‌లోనూ రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి. ఆయన కదలకపోతే తక్కువ ధర లావాదేవీ వరకు సెక్షన్ 47 కింద అప్పులవాడే నేరుగా వేయొచ్చు. అప్పుడు మీ ఉత్తరం, దాని అక్నాలెడ్జ్‌మెంట్ మీకు ఆయుధాలు. 47 దారి 43కి లేదు, అది గుర్తుంచుకోండి.

చిక్కడపల్లి_వకీలు
ఇప్పుడు ఉప్పల్ ఇల్లు. ఇది షెడ్డు కంటే తేలిక, పద్ధతి తప్పకపోతే.

1920 చట్టం సెక్షన్ 53లో 2 ఏళ్ల లెక్క ఐపీ దాఖలు తేదీ నుంచి వెనక్కి. 14 నెలలు కాబట్టి లోపలే. మంచి విశ్వాసంతో విలువిచ్చి కొన్నవాళ్లకే మినహాయింపు. గిఫ్ట్‌లో విలువే లేదు, కాబట్టి భార్యకు ఆ మినహాయింపు అందదు. అదే సేల్ డీడ్ అయివుంటే, అది ఉత్తుత్తి అమ్మకమని రుజువు చేసే భారం రిసీవర్ (దివాలాదారు ఆస్తులు చూసే కోర్టు అధికారి) మీద పడేది. ఇంకో మినహాయింపు పెళ్లికి ముందు, పెళ్లి నిమిత్తం ఇచ్చినది. కూతురి పెళ్లి ఖాయం చేసుకుంటూ పెళ్లికి ముందే రాసిచ్చిన భూమి అందులోకి వస్తుంది. పెళ్లయిన నాలుగేళ్లకి ‘పసుపు కుంకుమ కింద’ అని రాస్తే రాదు.

అయితే సెక్షన్ 53 పని చేయాలంటే అతన్ని దివాలాదారుగా ప్రకటిస్తూ కోర్టు ఉత్తర్వు ఇవ్వాలి. ఐపీ పెండింగ్‌లో ఉన్నంతకాలం ఈ సెక్షన్ అక్కరకు రాదు. చాలామంది ఐపీ వేసి, అప్పులవాళ్లందరికీ నోటీసులు పంపి, వాయిదాల మీద వాయిదాలు లాగుతారు. కాబట్టి ఐపీని ఎదిరించాలన్న తొందరలో దాన్ని కొట్టేయించకండి. గిఫ్ట్ 2 ఏళ్ల లోపలిదైతే దివాలా ప్రకటన రావడమే మీకు లాభం. ఈలోగా సెక్షన్ 20 కింద తాత్కాలిక రిసీవర్‌ని అడగండి, ఇల్లు అమ్ముడుపోకుండా ఉత్తర్వు తీసుకోండి.

ప్రకటన తర్వాత బాకీని అఫిడవిట్‌తో ప్రూవ్ చేసుకోండి. అఫీషియల్ రిసీవర్‌కి రాతపూర్వకంగా విన్నపం ఇవ్వండి. ఆయన కాదంటే 54ఏ కింద కోర్టు అనుమతితో మీరే వేయాలి. బాకీ ప్రూవ్ చేయకుండా, రిసీవర్‌ని అడగకుండా నేరుగా వేసినది గడప దగ్గరే ఆగిపోతుంది. ఇక అతను మీకు కాకుండా వేరే అప్పులవాడికి ముందుగా కట్టేసి ఉంటే అది సెక్షన్ 54. దాని గడువు 3 నెలలే.

అబిడ్స్_అకౌంట్స్
అతనే ఐపీ వెనక్కి తీసుకుంటే?

చిక్కడపల్లి_వకీలు
1882 చట్టం సెక్షన్ 53 ఉంది. దానికి దివాలా అక్కర్లేదు. అప్పులవాళ్లకు ఎగ్గొట్టాలనో, ఆలస్యం చేయాలనో చేసిన బదిలీని అప్పులవాడు దావాలో రద్దు చేయించుకోవచ్చు. ఆ దావా మీ ఒక్కరి కోసం కాదు, అప్పులవాళ్లందరి తరఫున వేయాలి. ఇది మరిచి సొంత బాకీ వరకే వేసినవి పోతుంటాయి. మీరు డిక్రీ తెచ్చి ఇల్లు జప్తు చేయించాక భార్య క్లెయిమ్ పిటిషన్‌తో వస్తే మాత్రం సెక్షన్ 53ని జవాబుగా ఎత్తిచూపొచ్చు, దానికి ప్రాతినిధ్య దావా అక్కర్లేదని సుప్రీంకోర్టు అబ్దుల్ షుకూర్ కేసులో తేల్చింది. ప్రోనోటు దావాతో పాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 38 రూల్ 5 కింద తీర్పుకు ముందు జప్తు అడగండి.

లెక్కల_మాస్టారు
అతను కంపెనీ లోన్‌కి వ్యక్తిగత గ్యారంటీ ఇచ్చి ఉంటే బ్యాంకు సెక్షన్ 95 కింద ఎన్‌సీఎల్‌టీలో వేస్తుంది. అప్పుడు ఇల్లు కూడా అక్కడికే పోతుందా?

బండ్లగూడ_బెంచి
పోతుంది, కానీ గడువు అక్కడ కూడా కరిగిపోతుంది. వ్యక్తుల విషయంలో తక్కువ ధర బదిలీకి సెక్షన్ 164, 2 ఏళ్లు. ఒకరికి మేలు చేసిన చెల్లింపుకి 165, దగ్గరివాళ్లకైతే 2 ఏళ్లు, ఇతరులకు 6 నెలలు. ఇవి బ్యాంక్రప్సీ దశలోనే, ఆ అప్లికేషన్ దాఖలు తేదీ నుంచే లెక్క. సెక్షన్ 95 దాఖలైన రోజు నుంచి కాదు. ముందు తిరిగి చెల్లింపు ప్రణాళిక దశ ఉంటుంది, అది విఫలమయ్యాక 3 నెలల్లో బ్యాంక్రప్సీ అప్లికేషన్. ఇవన్నీ గడిచేసరికి 14 నెలల గిఫ్ట్ 2 ఏళ్లు దాటేయొచ్చు. బ్యాంకు ఆ దారిలో ఉందా అన్నది ఇప్పుడే కనుక్కోండి. సెక్షన్ 96 మధ్యంతర మారటోరియం పడితే మీ సివిల్ దావా కూడా నిలిచిపోతుంది.

రాణిగంజ్_హోల్‌సేల్
షెడ్డు వెనక్కి వస్తే నా 74 లక్షలకు ఏమైనా దక్కుతుందా?

ఖాతా_తనిఖీ
కంపెనీ లిక్విడేషన్‌కి పోతే ఆ షెడ్డు లిక్విడేషన్ ఎస్టేట్‌లో చేరి ఐబీసీ 53 వరసలో పంచబడుతుంది. అందులో సరుకు సప్లయర్లు సెక్యూర్డ్ బ్యాంకులు, కార్మికులు, అన్‌సెక్యూర్డ్ ఫైనాన్షియల్ అప్పులు, ప్రభుత్వ బకాయిల తర్వాతే. రిజల్యూషన్ ప్లాన్ (కంపెనీని మూయకుండా నిలబెట్టే ప్రణాళిక) అయితే ఆ రికవరీ ఎవరికో ప్లాన్‌లోనే రాయాలి, రెగ్యులేషన్ 38(2)(డి). డీహెచ్‌ఎఫ్‌ఎల్ వ్యవహారంలో 66 కింద వచ్చేది కొనుక్కున్న కంపెనీకే పోయేలా రాసిన ప్లాన్‌ని 2025 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నిలబెట్టింది. ప్లాన్ ఓటుకి వెళ్లేలోపే ‘షెడ్డు రికవరీ సప్లయర్లకు కూడా పంచాలి’ అని ఆర్పీకి, అప్పులవాళ్ల కమిటీకి రాతలో పెట్టండి. ఓటు మీకు లేకపోయినా ఆ కాగితం రికార్డులో ఉండాలి. ప్లాన్ పాసైపోయినంత మాత్రాన అప్లికేషన్ చచ్చిపోదు, 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ వీనస్ రిక్రూటర్స్ కేసులో ఆ సంగతి స్పష్టం చేసింది.

కోఠి_దస్తావేజులు
ఒక ప్రమాదం మిగిలిపోయింది. బావమరిది ఆ షెడ్డుని ఈలోగా ఇంకొకరికి అమ్మినా, బ్యాంకులో తాకట్టు పెట్టినా, వాళ్లు సంగతి తెలియకుండా విలువిచ్చినవాళ్లైతే చట్టం వాళ్లను కాపాడుతుంది. అందుకని అప్లికేషన్‌తో పాటే యథాతథ స్థితి ఉత్తర్వు అడగండి. వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీని సంబంధిత సబ్ రిజిస్ట్రార్‌కి ఇచ్చి, రసీదు తీసుకుని, వారం తర్వాత ఈసీ తీసి ఎంట్రీ పడిందో లేదో చూడండి. పడకపోతే మళ్లీ వెళ్లండి. లాయర్ నోటీసు ఇస్తే సబ్ రిజిస్ట్రార్ రిజిస్ట్రేషన్ ఆపడు, ఉత్తర్వు కావాలి.

ఇప్పటికే తాకట్టు పడి ఉంటే ప్రేయర్ మార్చుకోండి. షెడ్డు బదులు దాని విలువ, అంటే 2023 మార్చి నాటి 1.9 కోట్లలోంచి కంపెనీకి నిజంగా అందింది తీసేసి మిగతాది, కొన్నవాడే కట్టాలని ప్రత్యామ్నాయంగా అడగండి. ఆ లైను మొదటి అప్లికేషన్‌లోనే ఉండాలి.